సెర్బియన్–రష్యన్ సాంకేతిక దుబాసీ కావాలా? ముద్ర ఒక్కటే చూసి పని అప్పగించకండి

సెర్బియా చమురు ఇంజినీరు ‘నాఫ్తా’ అన్నాడంటే అతను చెబుతున్నది ముడి చమురు గురించి. రష్యా ఇంజినీరుకు ‘నఫ్తా’ అంటే ముడి చమురును శుద్ధి చేస్తున్నప్పుడు విడిగా వచ్చే తేలికపాటి ద్రవం, పెట్రోకెమికల్ ఫ్యాక్టరీలకు ముడిసరుకు. ముడి చమురును అతను ‘నేఫ్త్’ అంటాడు. ఇద్దరూ ఒకే ట్యాంకు ముందు నిలబడి, దాదాపు ఒకే మాట పలుకుతూ, రెండు వేర్వేరు సరుకుల గురించి మాట్లాడుకోవచ్చు. వాటిని నిల్వ చేసే పద్ధతి వేరు, జాగ్రత్తలు వేరు, ధర వేరు.

మధ్యలో ఉన్న దుబాసీకి రెండు భాషలూ బాగానే వచ్చి ఉండొచ్చు. చమురు గురించి తెలియకపోతే ఈ తేడా అతనికి తట్టదు. రెండు మాటలూ ఒకేలా ఉన్నాయి కాబట్టి సందేహం కూడా రాదు.

ఈ సమస్య ఇప్పుడు ఎందుకు చర్చకు వస్తోందంటే, సెర్బియా ఇంధన రంగంలో ఈ రెండు భాషల కాగితాలు కుప్పలుగా ఉన్నాయి. ఆ దేశ చమురు సంస్థ ఎన్ఐఎస్‌లో మెజారిటీ వాటా 2009లో రష్యా చేతికి వెళ్లింది. బెల్‌గ్రేడ్ పక్కనే ఉన్న పాంచెవో రిఫైనరీ దీనిదే. ఈ సంస్థపై అమెరికా 2025 జనవరిలో ఆంక్షలు ప్రకటించింది. పలు వాయిదాల తర్వాత అక్టోబరులో అవి అమల్లోకి వచ్చాయి. రష్యా వాటా చేతులు మారాలన్న చర్చలూ అక్కడి నుంచే ఊపందుకున్నాయి. వాటా ఎవరి చేతికి వెళ్లినా, ఇన్నేళ్ల ఒప్పందాలు, మరమ్మతుల రికార్డులు, యంత్రాల పత్రాలు ఎవరో ఒకరు చదవాలి. చదివి అర్థం చెప్పాలి.

చమురు ఒక్కటే కాదు. రష్యా గ్యాస్‌ను బల్గేరియా సరిహద్దు నుంచి హంగరీ సరిహద్దు దాకా తీసుకెళ్లే 403 కిలోమీటర్ల పైప్‌లైన్ 2021 జనవరి 1న సెర్బియాలో మొదలైంది. 2022 మార్చిలో తెరిచిన బెల్‌గ్రేడ్–నోవి సాద్ వేగవంతమైన రైల్వే లైనులో స్టారా పజోవా నుంచి నోవి సాద్ వరకు ఉన్న భాగాన్ని రష్యన్ రైల్వేస్ అనుబంధ సంస్థ కట్టింది. అందులో చోర్తనోవ్‌త్సి దగ్గర ఒక సొరంగం, దాదాపు 3 కిలోమీటర్ల వంతెన ఉన్నాయి. 2022లో యుద్ధం మొదలయ్యాక రష్యా నుంచి సెర్బియాకు తరలి వెళ్లినవాళ్లూ ఎక్కువే. కంపెనీ పెట్టినా, ఆసుపత్రికి వెళ్లినా, కోర్టు మెట్లెక్కినా వాళ్లకు దుబాసీ కావాలి.

దగ్గరి భాషలు కదా, సర్దుకోలేరా?

చాలామంది యజమానులు అనుకునేది ఇదే. రెండూ స్లావ్ భాషలు. సెర్బియన్‌ను లాటిన్ లిపిలోనూ రాస్తారు గానీ, రాజ్యాంగం అధికార లిపిగా గుర్తించింది సిరిలిక్‌నే. రష్యన్‌దీ సిరిలిక్కే. కాబట్టి ఆఫీసులో రష్యన్ చదువుకున్న కుర్రాడు ఎవరైనా ఉంటే, ‘ఓసారి సైట్‌కు వచ్చి చెప్పవోయ్’ అని పిలుస్తారు.

దగ్గరి భాషలతో వచ్చే చిక్కు మనకు కొత్తేమీ కాదు. హిందీ బోర్డు మీద ‘శిక్షా విభాగ్’ అని చూసి శిక్షలు వేసే శాఖ అనుకుంటే ఏమవుతుంది? హిందీ ‘ఉపన్యాస్’ నవల, మన ఉపన్యాసం ప్రసంగం. బెంగళూరులో ‘ఊట ఆయ్తా’ అని అడిగితే భోజనమైందా అని అర్థం, నీటి ఊటతో దానికి సంబంధం లేదు. తెలియని మాట వస్తే ఆగి అడుగుతాం. తెలిసినట్టు అనిపించే మాట దగ్గర ఆగం.

సెర్బియన్, రష్యన్‌ల మధ్య అలాంటి మాటలు వందల్లో ఉన్నాయి. వాటిలో ఇంట్లో వాడేవి నవ్వు తెప్పిస్తాయి. సెర్బియన్‌లో ‘స్తోలిత్సా’ అంటే కుర్చీ, డాక్టరు నోట అయితే మలం. రష్యన్‌లో రాజధాని నగరం. పని ప్రదేశంలో వాడేవి మాత్రం నవ్వుకుని వదిలేసేవి కావు.

రైల్వేనే తీసుకోండి. సెర్బియన్‌లో ‘షినా’ అంటే రైలు పట్టా. అదే మాట రష్యన్‌లో వాహనం టైరు. ఎముక విరిగినప్పుడు కట్టే బద్దకూ, విద్యుత్ బోర్డులోని బస్‌బార్‌కూ కూడా రష్యన్‌లో అదే మాట. పట్టాను రష్యన్లు ‘రెల్స్’ అంటారు. ఇక విద్యుత్ విభాగానికి వెళ్తే, సెర్బియన్ ‘స్త్రూయా’ కరెంటు. రష్యన్ ‘స్త్రుయా’ నీటిధారో ఆవిరిధారో. ‘స్త్రూయా ఉంది, ముట్టుకోకు’ అన్న హెచ్చరిక అవతలి మనిషికి ఎలా చేరుతుందో ఊహించుకోండి.

పైప్‌లైన్ పనిలో ‘క్రాన్’ మరో చిక్కు. రష్యన్‌లో ఈ మాటకు బరువులెత్తే క్రేన్ అనీ, పైపు మూసి తెరిచే వాల్వ్ అనీ రెండు అర్థాలు. గ్యాస్ లైన్లలో వాడే బాల్ వాల్వ్ పేరులోనూ ‘క్రాన్’ ఉంటుంది. సెర్బియన్ కార్మికుడు ‘క్రాన్’ వింటే అతని చూపు క్రేన్ వైపే పోతుంది.

ఆ క్రేన్ కిందే ఇంకో ప్రమాదం ఉంది. సెర్బియన్‌లో ‘ప్రావో’ అంటే నేరుగా ముందుకు. రష్యన్‌లో ‘ప్రావ’తో మొదలయ్యే మాటలు కుడివైపును సూచిస్తాయి, ‘నప్రావో’ అంటే కుడికి. కింద నిలబడి చేయి ఊపుతూ అరిచే మనిషి ఒక భాషవాడు, పైన క్యాబిన్‌లో కూర్చున్నది ఇంకో భాషవాడు అయితే ఆ ఒక్క మాటకు నిఘంటువు వెతికే సమయం ఉండదు. అందుకే ఇలాంటి చోట మాటల మీద ఆధారపడకుండా చేతి సంకేతాలు ముందే ఖరారు చేసుకోవాలి. దుబాసీ ఉన్నా సరే.

అన్నిటికన్నా గమ్మత్తైనది ‘ఒత్కాజ్’. యంత్రాల నిర్వహణ మీద మీటింగులో రెండు భాషల్లోనూ ఇది పరికరం పనిచేయడం మానేయడమే. తేడా లేదు. అదే మీటింగు సాయంత్రం సిబ్బంది వ్యవహారాల మీదకు మళ్లితే, సెర్బియన్‌లో ‘ఒత్కాజ్’ ఉద్యోగంలోంచి తీసేయడమో, మానేయడమో అవుతుంది. రష్యన్‌లో నిరాకరణ. అంటే నిఘంటువు బట్టీపట్టినా లాభం లేదు. ఏ రంగంలో మాట్లాడుతున్నారో దాన్నిబట్టి మాట అర్థం మారిపోతుంది.

అంకెలు కూడా ఇంతే. మా డెస్క్‌లో బిలియన్లను కోట్లలోకి మార్చేటప్పుడు ఒక సున్నా ఎక్కువైందో తక్కువైందో అని రెండుసార్లు చూసుకుంటాం. సెర్బియన్–రష్యన్ దుబాసీ తల మీద ఇంకా పెద్ద భారం ఉంది. ‘మిలియార్డ్’ దాకా రెండు భాషలదీ ఒకే లెక్క, వంద కోట్లు. ఆ పైన దారులు విడిపోతాయి. రష్యన్ ‘ట్రిలియన్’లో ఒకటి తర్వాత 12 సున్నాలు, సెర్బియన్ ‘ట్రిలియన్’లో 18. రష్యన్ ట్రిలియన్‌కు సరిపడే సెర్బియన్ మాట ‘బిలియన్’. రాతలోనూ సెర్బియన్లు వేయి తర్వాత చుక్క పెడతారు, రష్యన్లు ఖాళీ వదులుతారు. 1.500 అని కనిపిస్తే అది వెయ్యి ఐదు వందలా, ఒకటిన్నరా అన్నది కాగితం ఎక్కడిదో తెలిసినవాడే చెప్పగలడు.

ముద్ర ఏం చెబుతుంది, ఏం చెప్పదు

సెర్బియాలో కోర్టు గుర్తింపు ఉన్న అనువాదకులు, దుబాసీల వ్యవస్థ ఉంది. ‘సుద్‌స్కి తుమాచ్’ అంటారు. న్యాయశాఖ నియమిస్తుంది. వోయ్‌వొదినా స్వయంపాలిత ప్రాంతంలో ఆ పని అక్కడి ప్రాంతీయ ప్రభుత్వానిది. డిగ్రీ, అనుభవం, భాషతోపాటు న్యాయ పరిభాష తెలిసి ఉండటం అర్హతలు. ఈ నియామకం ఉన్నవారు అనువాదం మీద గుండ్రటి ముద్ర వేస్తే కోర్టులు, ప్రభుత్వ కార్యాలయాలు దాన్ని అంగీకరిస్తాయి. భాషల వారీ జాబితా అందరికీ అందుబాటులో ఉంటుంది. కంపెనీ నమోదు పత్రం, డిగ్రీ, పెళ్లి ధ్రువపత్రం, కోర్టు నోటీసు వంటి వాటికి ఇంతకంటే వెతకాల్సిన పని లేదు.

రష్యాలో ఇలా ప్రభుత్వం నియమించిన ప్రమాణ అనువాదకులు లేరు. అక్కడ నోటరీ దగ్గరకు వెళ్లాలి. నోటరీకి ఆ రెండు భాషలూ వస్తే అనువాదం సరిగా ఉందని తనే ధ్రువీకరించొచ్చు. రాకపోతే అనువాదకుడి సంతకం నిజమైనదని మాత్రమే ధ్రువీకరిస్తారు. సెర్బియన్ వచ్చిన నోటరీలు ఎంతమంది ఉంటారు? కాబట్టి చేతికొచ్చే కాగితం మీద పెద్ద ఎర్ర తాడు, సీలు, సంతకం అన్నీ ఉన్నా, వాటి అర్థం ‘ఈ సంతకం ఫలానా వ్యక్తిదే’ అని. లోపల రాసిన కంప్రెసర్ వివరాలు సరైనవని కాదు. క్రిమినల్ కేసుల్లో మాత్రం కావాలని తప్పుగా అనువదించడం రష్యా శిక్షాస్మృతిలో 307వ అధికరణ కింద నేరం. కావాలని కాక, తెలియక చేసిన తప్పుకు అది వర్తించదు.

రెండు దేశాల్లోనూ ముద్ర చెప్పేది బాధ్యత ఎవరిదన్న సంగతి. ఆ మనిషికి వెల్డింగ్ తెలుసా, సిగ్నలింగ్ తెలుసా అన్నది ముద్ర చెప్పదు. న్యాయ పరిభాషలో దిట్ట అయిన దుబాసీని తీసుకెళ్లి పంపుహౌస్‌లో నిలబెట్టి, ‘ముద్ర ఉంది కదా’ అనుకోవడం ఆ మనిషికీ అన్యాయమే.

ఏజెన్సీల ఐఎస్ఓ సర్టిఫికెట్లదీ ఇదే కథ. రాత అనువాదానికి ఐఎస్ఓ 17100 ఉంది. ఒకరు అనువదించింది రెండోవారు సరిచూడాలని అది అడుగుతుంది, ఇది నిజంగా పనికొచ్చే నియమం. మౌఖిక అనువాదానికి 18841, న్యాయ రంగానికి 20228 ఉన్నాయి. ఇవి ఏజెన్సీ పనితీరు గురించి కొంత భరోసా ఇస్తాయి. రేపు ఉదయం మీ సైట్‌కు వచ్చే మనిషి ఎవరన్నది మాత్రం మీరే అడిగి తెలుసుకోవాలి.

మరి ఎక్కడ దొరుకుతారు?

సెర్బియాలో శాస్త్ర, సాంకేతిక అనువాదకుల సంఘం సాహిత్య అనువాదకుల సంఘం నుంచి విడిగా పనిచేస్తోంది. ఆ విభజనే మీకు సగం దారి చూపిస్తుంది. రష్యాలో 1991లో ఏర్పడిన రష్యా అనువాదకుల సంఘం ఉంది. బెల్‌గ్రేడ్, నోవి సాద్ విశ్వవిద్యాలయాల్లో రష్యన్. మాస్కో, సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయాల్లో సెర్బియన్ బోధిస్తారు. అక్కడి విభాగాలకు రాస్తే పూర్వ విద్యార్థుల పేర్లు చెబుతారు.

నన్నడిగితే వీటన్నిటికన్నా మంచి దారి ఇంకొకటి ఉంది. మీ రంగంలో ఇప్పటికే పూర్తయిన ప్రాజెక్టులను చూడండి. రైల్వే పని అయితే రైల్వే లైను మీద, గ్యాస్ పని అయితే పైప్‌లైన్ మీద పనిచేసిన దుబాసీలు ఎవరో ఆ ప్రాజెక్టు ఇంజినీర్లకు తెలుస్తుంది. సైట్ బూట్లు వేసుకుని నెలల తరబడి తిరిగిన దుబాసీకి ఏ ఏజెన్సీ జాబితా చెప్పని సంగతులు తెలుస్తాయి. రష్యాలో చదువుకుని వచ్చిన సెర్బియా ఇంజినీరు దొరికితే మరీ మంచిది. అయితే ఇంజినీరు అయినంత మాత్రాన గంటల తరబడి విని, గుర్తుంచుకుని, అవతలి భాషలో చెప్పగల నేర్పు ఉంటుందని కాదు. అలాంటివారిని పదాల పట్టిక తయారుచేయడానికి, రాత పత్రాలు సరిచూడటానికి పెట్టుకుని, మాట్లాడే పని శిక్షణ ఉన్న దుబాసీకి ఇవ్వడం మేలు.

మనుషులను రప్పించడం ఈ రెండు దేశాల మధ్య కష్టం కాదు. రష్యన్లు వీసా లేకుండా సెర్బియాలో 30 రోజులు ఉండొచ్చు. యూరప్‌లో చాలా నగరాల నుంచి మాస్కోకు విమానాలు ఆగిపోయినా బెల్‌గ్రేడ్ నుంచి నడుస్తూనే వచ్చాయి. కష్టమల్లా డబ్బు చెల్లింపులతోనే. పని ఇచ్చేది ఆంక్షల జాబితాలోని సంస్థ అయితే దుబాసీ కూడా, ఏజెన్సీ కూడా ముందే న్యాయవాదిని అడుగుతారు. అడగకుండా వెంటనే ఒప్పుకుంటే మీరే కాస్త అనుమానించాలి.

పని అప్పగించే ముందు ఏం చేయాలి?

అనుభవం ఎన్నేళ్లు అని అడగడం కన్నా, మీ సొంత పత్రంలోంచి ఒక పేజీ తీసి ఇవ్వండి. డ్రాయింగ్ మీది గమనికలో, భద్రతా సూచనలో. చదివాక ఆ మనిషి ఎన్ని ప్రశ్నలు వేశారో చూడండి. ‘ఇక్కడ వాల్వ్ అంటే గేట్ వాల్వా, బాల్ వాల్వా?’ అని అడిగితే నమ్మకం పెట్టుకోవచ్చు. ఒక్క ప్రశ్నా లేకుండా పది నిమిషాల్లో తిరిగి ఇస్తే అది వేగం అనుకోకండి.

తర్వాత పదాల పట్టిక. రెండు భాషల్లో, పరికరం ఫొటో లేదా డ్రాయింగ్ నంబరుతో సహా ఉండాలి. ఇది దుబాసీ ఒక్కరి పని కాదు, రెండు వైపుల ఇంజినీర్లు కూర్చుని ఒప్పుకోవాలి. ముఖ్యంగా ప్రమాణాల విషయంలో. సెర్బియా ఈయూ సభ్యత్వ అభ్యర్థి దేశం, దాని ఎస్ఆర్‌పీఎస్ ప్రమాణాలు యూరప్ ప్రమాణాలతో కలిసి నడుస్తున్నాయి. రష్యాది గోస్ట్ పద్ధతి. రైలు పట్టాల మధ్య వెడల్పే ఇక్కడ 1435 మిల్లీమీటర్లు, అక్కడ 1520. ఎస్355 రకం ఉక్కు అని ఒకరంటే, దానికి దగ్గరగా ఉండే గోస్ట్ రకం పేరును దుబాసీ సొంతంగా చెప్పేయకూడదు. దగ్గరగా ఉండటం వేరు, సమానం కావడం వేరు. ఆ నిర్ణయం ఇంజినీరుది. దుబాసీ చేయాల్సింది ‘ఎస్355’ అన్నది ‘ఎస్355’ అనే చెప్పడం. ‘అర్థమయ్యేలా సాయం చేశాను’ అనే దుబాసీ దగ్గరే పెద్ద తప్పులు జరుగుతాయి.

ఏ దిశలో అనువాదమో కూడా చూసుకోండి. సాధారణంగా ఎవరైనా తమ మాతృభాషలోకి చెప్పేటప్పుడు బాగా చెబుతారు. సెర్బియన్ నుంచి రష్యన్‌లోకి ఎక్కువ పని ఉంటే రష్యన్ మాతృభాషగా ఉన్నవారు, అటు నుంచి ఇటైతే సెర్బియన్ వారు మేలు. రోజంతా సాగే ఏకకాల అనువాదానికి ఒక్కరు చాలరు, ఇద్దరు ఉండి అరగంటకో, అంతకంటే ముందో మారుతూ ఉండాలి. యంత్రం పక్కన చెప్పించుకునే శిక్షణకు మాత్రం ఒక వాక్యం ఆగి, ఒక వాక్యం చెప్పే పద్ధతే మంచిది. ఖర్చు తగ్గించుకోవాలని ఒక్కరితో ఎనిమిది గంటలు లాగిస్తే, మధ్యాహ్నం తర్వాత చెప్పిన అంకెలను ఎవరూ నమ్మొద్దు. సిద్ధపడటానికి పట్టే రోజులకు కూడా డబ్బు ఇవ్వాలి. అది అదనపు ఖర్చులా కనిపిస్తుంది గానీ, మీ ట్యాంకులో ఉన్నది ఏ ‘నాఫ్తా’యో దుబాసీ తెలుసుకునేది ఆ రోజుల్లోనే.

ఇంగ్లిష్ మీదుగా వెళ్తే?

నేరుగా ఈ రెండు భాషల మధ్య పనిచేసేవారు దొరకకపోతే, సెర్బియన్ నుంచి ఇంగ్లిష్, ఇంగ్లిష్ నుంచి రష్యన్ అని ఇద్దరిని పెట్టుకుంటారు. మెషిన్ అనువాదంలోనూ ఇంగ్లిష్‌ను వంతెనగా వాడుకోవడం ఉంది. ఏం పోతుందో ఒక ఉదాహరణ చాలు. రైలు ఒక ట్రాక్ నుంచి ఇంకో ట్రాక్‌కు మారే చోటును సెర్బియన్లు ‘స్క్రెత్నిత్సా’ అంటారు. అమెరికన్ ఇంగ్లిష్‌లో అది ‘స్విచ్’. స్విచ్‌ను రష్యన్‌లోకి మారిస్తే ‘విక్ల్యుచాతెల్’, అంటే గోడ మీది కరెంటు స్విచ్, వచ్చి కూర్చునే ప్రమాదం ఉంది. రష్యన్ రైల్వే వాళ్లకు కావాల్సిన మాట ‘స్త్రెల్కా’. వాల్వ్‌ల సంగతీ అంతే. సెర్బియన్‌లో, రష్యన్‌లో రకానికో పేరు. మధ్యలో ఎవరైనా ‘వాల్వ్’ అని సరిపెట్టేస్తే ఏ రకమో అక్కడే పోతుంది.

మెషిన్ అనువాదం వద్దనడం లేదు. వందల పేజీల్లో ఏది చదవాలో తేల్చుకోవడానికి బాగా పనికొస్తుంది. సంతకం పెట్టే కాగితానికి, కార్మికుడికి ఇచ్చే భద్రతా సూచనకు దాన్నొక్కదాన్నే వాడకూడదు.

తెలుగు రాష్ట్రాల కంపెనీలకు ఇలాంటి ప్రాజెక్టుల్లో సరఫరా పని దొరికితే ఇంగ్లిష్ వంతెన తప్పకపోవచ్చు. రష్యన్ వైపు మనకు కొంత ఆసరా ఉంది. విశాఖ ఉక్కు కర్మాగారం సోవియట్ సాంకేతిక సహకారంతో కట్టిందే. హైదరాబాద్ ఇఫ్లూలో రష్యన్ విభాగం ఉంది. సెర్బియన్ వైపు మాత్రం బెల్‌గ్రేడ్‌లోనే మనిషిని వెతుక్కోవాలి.

దుబాసీ ఎంత మంచివారైనా ఒప్పందంలో ఒక వాక్యం మాత్రం మరవకండి. సెర్బియన్, రష్యన్, ఇంగ్లిష్ ప్రతుల మధ్య తేడా వస్తే ఏ ప్రతి చెల్లుతుందో అందులో రాసి ఉండాలి. సాంకేతిక అనుబంధాలకు ఆ వాక్యం వర్తిస్తుందో లేదో కూడా విడిగా చూసుకోండి. అసలు ఒప్పందానికి ఒక భాష, డ్రాయింగులకు ఇంకో భాష చెల్లుబాటు అయ్యేలా రాసుకుంటే, గొడవ వచ్చిన రోజున రెండు పక్షాలూ మళ్లీ దుబాసీ కోసమే వెతకాల్సి వస్తుంది.